నాలుగు ఆదివారాలు, ఒక ఎర్ర కండె

హన్మకొండలో పిల్లల బొమ్మల పుస్తకాలు రాయడం నేర్పే క్లాసు ఉందని మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో చూసి చేరాను. నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఫీజు 2,000 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. సుబేదారిలో ఒక ఇంటి మేడ మీద హాలు. నేర్పేవాళ్ళు ముగ్గురు: బొమ్మలు వేసే సార్ ఒకరు, పిల్లల కథలు రాసే మేడం ఒకరు, చాలా ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సు నడిపి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్న పెద్దాయన ఒకరు. వాళ్ళకు సంస్థ లేదు, బోర్డు లేదు, అందుకని ఎక్కడ వెతికినా రివ్యూ దొరకదు. "అక్కా, పైసలు పెట్టి పోవచ్చా?" అని ఇప్పటికే ఆరుగురు టీచర్లు ఫోన్ చేశారు. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

నేను పరకాల వైపు ఒక సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. పిల్లల కోసం కథలు రాయడం చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటు. మూడేళ్ళ కింద ఒక ప్రచురణ సంస్థ నా కథ ఒకటి తీసుకుని బొమ్మల పుస్తకంగా వేసింది. బొమ్మలు అచ్చయ్యాకే నాకు చూపించారు. "తాత చేతికర్ర పట్టుకుని చెరువుకట్ట మీద నడుస్తున్నాడు" అని నేను రాస్తే, పక్కన బొమ్మలో తాత చేతికర్ర పట్టుకుని చెరువుకట్ట మీద నడుస్తున్నాడు. పుస్తకమంతా అంతే. మా క్లాసు పిల్లలు ఒకసారి చూశారు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ పుస్తకం అట్ట నలగకుండా బీరువాలో ఉండటం చూసినప్పుడల్లా నాకు బాధ. నన్ను అడగకుండా బొమ్మలు వేయించినందుకు వాళ్ళ మీద కోపం కూడా ఉండేది. అందులో సగం తప్పు నాదేనని ఈ క్లాసులో అర్థమైంది. బొమ్మ చెప్పడానికి నేను ఏమీ మిగల్చలేదు. కర్ర నేనే చెప్పాను, కట్ట నేనే చెప్పాను, నడక నేనే చెప్పాను. ఇక బొమ్మ వేసేవాళ్ళు ఏం చేస్తారు?

మొదటి ఆదివారం క్లాసు మొదలైన తీరే నాకు చాలా నచ్చింది. పుస్తకం తీయలేదు. బొమ్మల సార్ గోడకు ఒక చేర్యాల పటం వేలాడదీశారు. చేర్యాల ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపి పూసి, ఆరాక దాని మీద నకాషీవాళ్ళు బొమ్మలు వేస్తారు. వెనకంతా ఎర్ర రంగు, కథ అడ్డ వరుసల్లో పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. సార్ పటాన్ని మొత్తం విప్పలేదు. ఒక వరుస విప్పి, "ఏమవుతోంది?" అని అడిగారు. మేం చెప్పాక రెండో వరుస విప్పారు.

నాకు ఒక్కసారిగా వరంగల్‌లో మేముండే కొత్తవాడ గుర్తొచ్చింది. మాది షత్రంజీలు, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు జంపఖానాలు నేసే ఇల్లు. నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు మా వాడకు కూనపులివాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం చెప్పారు. పద్మశాలీలకు కథ చెప్పేది వాళ్ళే. రాత్రి పూట రెండు గుంజలకు పటం కట్టి, చేతిలో పుల్లతో బొమ్మను చూపిస్తూ పాట ఎత్తుకునేవాళ్ళు. నేను బాపు ఒడిలో కూర్చుని, ఇంకా విప్పని చుట్ట వైపే చూసేదాన్ని. అందులో పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి ఏం చేస్తున్నాడో ఎప్పుడు చూపిస్తారా అని. కథ చెప్పే ఆయన బొమ్మలో కనిపించేదాన్ని మళ్ళీ వర్ణించేవాడు కాదు. పులి బొమ్మ మీద పుల్ల పెట్టి, ఆ పులి ఏమన్నదో చెప్పేవాడు. పులి రంగు, మీసం, తోక మేమే చూసుకునేవాళ్ళం. బొమ్మల పుస్తకానికి కావలసిన రెండు సంగతులూ ఆ రాత్రే నా కళ్ళ ముందు జరిగాయి. చూపించాల్సింది ముందే చూపించకపోవడం ఒకటి, బొమ్మ చెప్పేదాన్ని నోటితో మళ్ళీ చెప్పకపోవడం రెండోది. ఇన్నేళ్ళూ వాటిని కథలు రాసే పనితో కలిపి చూసుకోలేదు.

మధ్యాహ్నం డమ్మీ, అంటే అచ్చు వేయబోయే పుస్తకానికి నమూనా, మాతోనే కట్టించారు. ఎనిమిది ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, సగానికి మడిచి, మడత మీద రెండు స్టేపుల్ పిన్నులు కొడితే 32 పేజీల పుస్తకం. బయటి దేశాల్లో బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఉంటాయి. దానికి కారణం ప్రెస్సు పెద్దాయన చెప్పారు. పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చు వేసి, మడతలు పెట్టి కోస్తారు కాబట్టి పేజీలు ఎనిమిది, పదహారు లెక్కల్లోనే వస్తాయి. "నా కథ పందొమ్మిది పేజీలొచ్చింది సార్ అంటే ప్రెస్సులో నడవదమ్మా" అన్నారాయన. ఆయన చెప్పేవి అన్నీ ఇలా చేతిలోంచి వచ్చిన మాటలే. పిన్ను కొట్టే పుస్తకంలో నడిమి కాగితం ఒక్కటే ఎదురెదురు పేజీలకు విడిపోకుండా వస్తుంది, మిగతా చోట్ల పెద్ద బొమ్మ మడతలో రెండు ముక్కలవుతుంది, కాబట్టి మనిషి మొహం మడత మీదకు రానీయొద్దు అని కాగితం విప్పి మరీ చూపించారు. నా పాత పుస్తకంలో తాత మొహం సరిగ్గా మడతలోనే ఉంది.

ఆ వారం హోంవర్కు, మన కథను డమ్మీలో పెన్సిల్‌తో రాసుకుని రావడం. నేను రాసుకున్న కథ మా ఇంట్లోదే. నాయినమ్మ రాట్నం మీద కండెలు (మగ్గానికి నూలు చుట్టి పెట్టే చిన్న గొట్టాలు) చుడుతుంటే ఎర్ర కండె మాయమవుతుంది, మనుమరాలు ఇల్లంతా వెతుకుతుంది, చివరకు మగ్గం గుంటలో పిల్లిపిల్ల ఆ కండెను పట్టుకుని నిద్రపోతుంటుంది. మొదట రాసినప్పుడు దాదాపు తొమ్మిది వందల మాటలు వచ్చాయి. మొదటి పేజీ ఇలా ఉండేది:

"ఒక ఊరిలో ఒక నేతన్నల కుటుంబం ఉండేది. ఆ ఇంట్లో నాయినమ్మ ప్రతిరోజూ ఉదయాన్నే లేచి తన పాత చెక్క రాట్నం ముందు కూర్చుని, ఎర్రటి, పచ్చటి, నీలి రంగుల నూలును ఎంతో ఓపికగా కండెలకు చుడుతూ ఉండేది."

మేడం అది చదివి మంచిగానే ఉందన్నారు. తరవాత పెన్సిల్ నా చేతికే ఇచ్చి, "బొమ్మలో కనిపించే ప్రతి మాట కిందా గీత గీయండి" అన్నారు. ఇల్లు, నాయినమ్మ, చెక్క రాట్నం, రంగులు, కూర్చోవడం, చుట్టడం... గీతలే గీతలు. గీత పడకుండా మిగిలినవి "ప్రతిరోజూ", "ఎంతో ఓపికగా". నాలుగో వారానికి ఆ పేజీ ఇలా అయింది:

"నాయినమ్మా, ఎర్ర కండె ఏది?"

అంతే. మిగతాదంతా బొమ్మలో ఉంది. పేజీ కుడి చివర, కింద, ఎర్ర దారం ఒకటి పేజీ దాటి బయటకు పోతుంది. ఆ దారం చెప్పే సంగతి మాటల్లో ఎక్కడా లేదు. పుస్తకం మొత్తం ఇప్పుడు నూట నలభై మాటలు. 32 పేజీలు అక్కర్లేక 16 చేశాను. మొదటి పేజీ మీద పేరు, ఆ తరవాత ఏడు జతల ఎదురెదురు పేజీలు, ఆఖరున ఒంటి పేజీలో పిల్లిపిల్ల నిద్ర.

మాటలు తీసేయడం ఊరికే అలవడలేదు. రెండో వారం నాకు చాలా టెన్షన్‌గా ఉండింది. మాలో చాలామందిది చందమామ చదివిన చెయ్యి. "అనగనగా" అంటే మొదలు, "సుఖంగా ఉన్నారు" అంటే ముగింపు. 1947లో మొదలైన ఆ పత్రికలో వడ్డాది పాపయ్య గారి బొమ్మలు, శంకర్ గారి బొమ్మలు ఎంత గొప్పవైనా, అక్కడ కథ మాటల్లోనే పూర్తిగా ఉంటుంది. బొమ్మ తీసేసినా కథ అర్థమవుతుంది. బొమ్మల పుస్తకంలో అలా అర్థమైతే మాటలు ఎక్కువైనట్టే లెక్క అని మేడం అన్నప్పుడు, నా పక్కన కూర్చున్న రిటైర్డ్ తెలుగు పండితులు ఒకాయన ఒప్పుకోలేదు. పిల్లలకు భాష ఎలా వస్తుందమ్మా, నాలుగు మంచి వాక్యాలు లేకపోతే అని గట్టిగానే అడిగారు. మేడం జవాబు నాకు నచ్చింది. ఒక పేజీలో ఒకే వాక్యం ఉంటే అది మంచి వాక్యం అయి తీరాలి, పది వాక్యాల్లో అయితే చెడ్డది దాక్కుంటుంది సార్ అన్నారు. ఆయన మూడో వారం తన కథను పాటలా మార్చి తెచ్చారు. మా బ్యాచ్‌లో చెవికి ఇంపుగా ఉన్న పుస్తకం నా లెక్కలో ఆయనదే.

పేజీ తిప్పడం గురించి చెప్పిన పాఠం ఒక్కటి చాలు ఈ ఫీజుకు. మేడం బోర్డు మీద "కుండ వెనక నుంచి ఒక తోక" అని రాసి ఆపేశారు. చెరిపేసి, కొత్తగా "ఊగింది" అని రాశారు. మన వాక్యంలో క్రియ ఆఖరున వస్తుంది. కాబట్టి వాక్యాన్ని క్రియకు ముందు తుంచితే, ఏమైంది అనే ప్రశ్న దానంతటదే మిగులుతుంది. పిల్లల చెయ్యి పేజీ మీదకు పోతుంది. తోక ఊగిందా, మాయమైందా, ఎవరైనా పట్టుకున్నారా? ఇంగ్లిష్‌లో క్రియ ముందే వచ్చేస్తుంది, అక్కడ రాసేవాళ్ళు ఆ పట్టు కోసం వేరే దారులు చూసుకోవాలి. ఇంగ్లిష్ పుస్తకాలను తెలుగులోకి మార్చేటప్పుడు ఈ సంగతి చూసుకోకపోతే, అవతలి పేజీలో రావలసిన మాట ఇవతలి పేజీలోనే వచ్చేస్తుంది. మా బడిలో ఉన్న అనువాద పుస్తకాలు కొన్ని చదువుతుంటే పిల్లలు ఎందుకు నీరసపడతారో నాకు అప్పుడు తెలిసింది.

స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో మొదటి స్థాయి తెలుగు కథలు ఇరవై చదివి, ఒక్కోదానిలో పేజీ తిప్పే చోటు ఎక్కడుందో రాసుకుని రమ్మన్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన సైట్ అది, కథలన్నీ ఉచితంగా చదువుకోవచ్చు, అనువాదం చేసుకోవచ్చు. టీచర్లు ఎవరైనా ఈ క్లాసుకు పోకపోయినా ఈ పని మాత్రం చేయండి. ఇరవై కథలు వరసగా చదివితే చేతికి ఒక లెక్క పడుతుంది.

పెద్ద రచయితలు కూడా తడుముకుంటూనే నేర్చుకున్నారని రెండు కథలు చెప్పారు. ఎరిక్ కార్ల్ ఒకసారి కాగితాల కట్టకు పంచ్‌తో రంధ్రాలు పొడుస్తూ, పుస్తకాల పురుగు తినుకుంటూ పోయిందనుకున్నాడట. ఆ పురుగు కన్నా గొంగళిపురుగు మేలని సలహా ఇచ్చింది ఆయన ఎడిటర్ ఆన్ బెనెడ్యూస్. అలా 1969లో 'ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్' వచ్చింది. పేజీల్లో రంధ్రాలున్న ఆ పుస్తకాన్ని అమెరికాలో అచ్చు వేయించడం ఖర్చు ఎక్కువని జపాన్‌లో వేయించారు. ఇంకొకటి మారిస్ సెండాక్ సంగతి. ఆయన మొదట అడవి గుర్రాల కథ అనుకున్నాడు. గుర్రాల బొమ్మలు ఎంతకూ కుదరలేదు. గుర్రాలు పోయి వింత జీవాలు వచ్చాయి, 1963లో 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' అయింది. అందులో పిల్లవాడు కోపంతో ఊహలోకి పోయేకొద్దీ బొమ్మ పేజీలో పెద్దదవుతూ, నడిమికొచ్చేసరికి మాటలను పూర్తిగా నెట్టేసి మూడు జతల పేజీలు నిండా పరుచుకుంటుంది. ఆ మూడు జతల్లో ఒక్క అక్షరం లేదు. అది చూశాకే నా పుస్తకంలో ఒక జతను మాటలు లేకుండా వదిలే ధైర్యం వచ్చింది.

ఇక్కడే నాకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఈ పుస్తకాలన్నీ ప్రొజెక్టర్ మీద గోడకు చూపించారు. బొమ్మల పుస్తకం గోడ మీద చూసేది కాదు. దాని సైజు, పేజీ బరువు, తిప్పేటప్పుడు ఇవతలి బొమ్మ చాటునుంచి అవతలి బొమ్మ బయటపడటం, ఇవన్నీ చేతికే తెలుస్తాయి. బొమ్మ గోడ మీద ఠక్కున మారిపోతే పేజీ తిప్పే పాఠం చెప్పి ఏం లాభం? ఒక చెల్లె తన ఇంట్లోంచి పాత రష్యన్ పుస్తకాలు రెండు తెచ్చింది, మాస్కో నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చినవి. అవి చేతులు మారుతున్నంతసేపు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. పది పన్నెండు మంచి పుస్తకాలు కొని బల్ల మీద పెడితే ఈ లోటు తీరుతుంది. ఆ మాట ముగ్గురితోనూ చెప్పాను, రాసుకున్నారు.

తెలుగు అచ్చు గురించి అరగంటే ఇచ్చారు. అది అన్యాయం. ప్రెస్సు పెద్దాయన ఆ అరగంటలో చెప్పినంత నేను ఇంకెక్కడా వినలేదు. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది. లైనుకూ లైనుకూ ఎడం తగ్గిస్తే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుకుంటుంది, రెండో తరగతి పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ఆయన ఒకే వాక్యాన్ని మూడు రకాల ఎడంతో ప్రింటు తీసి తెచ్చారు. ఇరుగ్గా ఉన్న కాగితాన్ని మా రెండో తరగతిలో ఒక బాబుతో చదివించాను. "రాట్నం" దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. ఎడంగా ఉన్న కాగితంలో అదే మాట ఆగకుండా చదివాడు. వాడికి చదవడం రాదని నేను అంతకుముందు ఎన్నిసార్లు అనుకున్నానో! లైను ఆఖరున పెద్ద మాటను సగానికి విరవొద్దు, ముదురు రంగు బొమ్మ మీద అక్షరాలు పెట్టొద్దు అని కూడా చెప్పారు. దీనికి కనీసం ఒక పూట కావాలి.

బొమ్మలు వేయడం రాని వాళ్ళ సంగతి సరిగ్గా పట్టించుకోలేదు. మా పద్నాలుగు మందిలో చెయ్యి తిరిగినవాళ్ళు ఐదుగురే. మిగతావాళ్ళం పుల్లల మనుషులను గీసుకున్నాం. డమ్మీకి అది చాలు, నిజమే. కానీ రేపు బొమ్మలు వేసేవాళ్ళతో ఎలా కూర్చోవాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ వదిలేయాలి అనేది నాలాంటిదానికి ముఖ్యం. నా పాత పుస్తకం అక్కడే దెబ్బతింది. అడిగితే బొమ్మల సార్ ఒక్క మాట చెప్పారు: "బొమ్మలో ఏముండాలో చెప్పకండి మేడం, ఆ పేజీలో పిల్లలకు ఏం తెలియకూడదో చెప్పండి." ఆ మాట నాకు చాలా పనికొచ్చింది. అలాంటివి ఇంకా వినాలనిపించింది.

భాష విషయంలో మాత్రం వాళ్ళకు చెయ్యెత్తి దండం పెట్టాలి. నా డమ్మీలో "ఉరికింది" అని రాశాను. ఇదివరకు నా కథలు చూసినవాళ్ళు దాన్ని కొట్టేసి "పరుగెత్తింది" అని దిద్దేవాళ్ళు. మేడం రెండూ పైకి చదివించారు. పిల్లి అంత చిన్నది, మాట అంత పొడుగైతే మనం పలికేలోపు పిల్లి వెళ్ళిపోతుంది అని, "ఉరికింది" ఉంచమన్నారు. మా బడి పిల్లలు ఇంట్లో అనే మాట పుస్తకంలో అచ్చుగా ఉంటే వాళ్ళ మొహాలు ఎట్లా వెలుగుతాయో నాకు తెలుసు.

నాలుగో ఆదివారం పక్క వీధి పిల్లలు తొమ్మిది మందిని పిలిచి, మా డమ్మీలు వాళ్ళకు చదివి వినిపించమన్నారు. నాది రెండో జత పేజీలు తిప్పగానే ఒక ఐదేళ్ళ పాప "గదో తోక!" అని ఎగిరింది. కథలో మనుమరాలికి ఇంకా కనిపించలేదు, మాటల్లో పిల్లి ఊసే లేదు. కుండ చాటున నేను గీసిన చిన్న గీతను ఆ పాప పట్టేసింది. అప్పటినుంచి తొమ్మిది మందీ నా మాటలు వినడం మానేసి దారం వెంట పడ్డారు. ఐదో జత దగ్గర ఆ సందడి ఆగింది. అక్కడ నాయినమ్మా మనుమరాలూ మాట్లాడుకుంటారు, వెతకడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ తీసేశాను. మాటల్లేని జత అదే. మగ్గం కింద చీకటి, దారం, రెండు కళ్ళు. పిల్లలను రెండో వారమే పిలిచి ఉంటే మాకు ఇంకో రెండుసార్లు దిద్దుకునే వీలుండేది. ఆఖరి రోజు పిలవడం వల్ల చాలామంది దిద్దుకోకుండానే ఇళ్ళకు పోయారు.

భోజనం ఇంటి వంట, బాగుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. పుస్తకం అచ్చు వేయిస్తామని వాళ్ళు మాట ఇవ్వరు, ఆ ఆశతో వెళ్ళొద్దు.

తరవాతి బ్యాచ్ దసరా సెలవులయ్యాక అన్నారు. నంబరు కావలసినవాళ్ళు మన గ్రూపులో అడగండి, పంపిస్తాను. వెళ్ళేటప్పుడు స్టేప్లర్, మెత్తటి పెన్సిల్, మంచి రబ్బరు వెంట పెట్టుకోండి, అక్కడ అందరికీ కలిపి ఒకటే ఉంది. ఒక్క కథే తీసుకెళ్ళండి, అది కూడా మీ ఇంట్లోనో మీ బడిలోనో జరిగిందైతే మేలు. నా డమ్మీ ఇప్పుడు మా క్లాసులో తాడు మీద వేలాడుతోంది. రెండు పిన్నులూ ఊడిపోతే సూదీ దారంతో కుట్టాను.